పత్తి లెక్కల డైరీ: పదకొండు శాతం, తొమ్మిది క్వింటాళ్లు, ఒక కిలో

ఆగస్టు 20, 2025

నిన్నటి నుంచి విదేశీ పత్తి మీద దిగుమతి సుంకం లేదు. సెప్టెంబర్ 30 దాకా ఇంతేనట. పొద్దున ఫోన్లో చదివి వినిపిస్తే నాయిన గడ్డిమోపు దించుతూ, "ఎవని పత్తి మీదనో పన్ను తీసేస్తే మనకేందిరా?" అన్నాడు. నాకు సూటిగా జవాబు తోచలేదు. ఆ జవాబు కోసమే ఈ డైరీ.

మా ఊరు పరకాల వైపు. మాకు పట్టా ఉన్నది రెండెకరాలు. పక్కనే బాబాయిది ఇంకో రెండెకరాలు ఉంటే అదీ మేమే కౌలుకు చేస్తున్నాం, ఎకరాకు 15 వేలు. నాలుగెకరాలూ పత్తే. నేను హనుమకొండలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఇంటికొస్తా. పొలం పని నాయినది, అమ్మది. లెక్క రాసే పని నాది.

సరంజామా: ఒక పొడుగు నోటుబుక్కు, ఫోన్లో ఒక ఎక్సెల్ షీటు, కిరాణా కొట్టు ముందర పెట్టడానికి నల్లరంగు పూసిన చెక్కబోర్డు. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ మా పత్తి క్వింటాలుకు ఎన్ని రూపాయలో తేల్చి బోర్డు మీద రాయాలి. షీటులో నాలుగు గడులు: సర్కారు ఇచ్చింది, బజారు ఇచ్చింది, మేం పెట్టింది, కైకిలికి (కూలికి) పోయింది.

మొదటి పద్దు సుంకమే. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌కు ముందు దిగుమతి పత్తి మీద సుంకం లేదు. ఆ బడ్జెట్‌లో వేశారు, అన్నీ కలిపి 11 శాతం. 2022 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఒకసారి ఎత్తేశారు కానీ అది క్వింటాలు పది వేలు దాటిన కాలం, మాకు తెలియనే లేదు. ఇప్పుడు సంగతి వేరు. ఈ నెల 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం వేసింది, 27 నుంచి ఇంకో 25 కలుపుతానంటోంది. తిరుప్పూర్‌లో కుట్టే బనియన్లూ షర్టులూ అక్కడ ఖరీదవుతాయి. మిల్లులకు ఊపిరాడాలంటే చవక పత్తి కావాలి. అందుకే మన తలుపు తెరిచారు. అమెరికాలో వేసిన పన్ను ఇన్ని మలుపులు తిరిగి మా చేను గట్టుకు వచ్చిందన్నమాట.

అయితే మా పత్తి ఇంకా పూత మీదే ఉంది. దసరా దాటితే తప్ప ఏరుడు లేదు. సెప్టెంబర్ 30లోపు అమ్మడానికి మా దగ్గర గింజ కూడా లేదు. బోర్డు మీద రాశా: "సుంకం తీసేస్తే మనకు నష్టం: 0."

ఆగస్టు 29

సున్నా చెరిపేశా. సుంకం మినహాయింపును డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంటే మా ఏరుడు కాలం దాదాపు మొత్తం.

ఇక అసలు లెక్క వేయక తప్పలేదు. దిగుమతి దూది కిలో 150 రూపాయలు అనుకున్నా. 11 శాతమంటే 16.50. క్వింటాలు పత్తి ఆడించి గింజ తీస్తే 33 కిలోల దూది వస్తుంది. 33ను 16.50తో గుణిస్తే 545 రూపాయలు. సుంకం ప్రభావం పూర్తిగా మా ధర మీదే పడితే క్వింటాలుకు పోయేది ఇంత. గింజ ధర, డాలరు, వాన, అన్నీ కలిసే ధర నడుస్తుంది కాబట్టి దీన్ని గరిష్ఠంగానే తీసుకోవాలి.

కిరాణా కొట్టు దగ్గర ఒక పెద్దాయన వెంటనే పట్టుకున్నాడు. "సీసీఐ కొంటది గదా, మద్దతు ధర ఉండగ బయటి ధర మనకెందుకు?" అన్నాడు. నిజమే. సీసీఐ అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ. ఈ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110, నిరుటి కంటే 589 ఎక్కువ. సీసీఐ కాంటా మీదికి ఎక్కిన పత్తికి సుంకం ఉన్నా లేకున్నా ఒకటే. ఎక్కని పత్తికే 545 దెబ్బ.

అంటే నేను వేసుకున్న ప్రశ్నే తప్పు. సుంకం ఎంత తగ్గింది అని కాదు, సర్కారు కాంటా దాకా ఎవరి పత్తి పోతుంది అని అడగాలి. బోర్డు మీద ఆ ప్రశ్నే రాసి వచ్చా.

సెప్టెంబర్ 7

యూరియా. రెండు శనివారాలు దీనికే పోయాయి. తెల్లారి నాలుగింటికి వెళ్తే నా ముందు మనుషుల కంటే చెప్పులే ఎక్కువ ఉన్నాయి. పాస్‌బుక్కు జిరాక్సు మీద రాయి పెట్టి, చెప్పులు లైన్లో వదిలి జనం చెట్టు కింద కూర్చున్నారు. మొదటి శనివారం లైను నా దాకా రాకముందే స్టాకు అయిపోయింది. రెండోసారి రెండు బస్తాలు దొరికాయి.

45 కిలోల బస్తా 266.50. ఇది అసలు ఖరీదులో చిన్న ముక్క, మిగతాది కేంద్రం కంపెనీలకు కడుతుంది. రైతు చేతిలో కనపడని సబ్సిడీ ఇదే. షీటులో రెండు బస్తాలకు 533 రాసి ఆగలేకపోయా. ఆ రెండు రోజులు నేను చేనులో ఉంటే కలుపుకు ఒక మనిషి తక్కువ పట్టేది. మా ఊర్లో ఆడవాళ్ల కలుపు కైకిలి 350. రెండు రోజులకు 700. దాన్నీ కలిపితే బస్తా 616 పడింది.

యూరియా ఆలస్యమైనందుకు దిగుబడి ఎంత తగ్గిందో మాత్రం ఏ గడిలో రాయాలో తెలియలేదు. వదిలేశా.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. ఇంటి నిండా చుట్టాలు, బాబాయి కూడా హైదరాబాద్ నుంచి వచ్చాడు. మంచి తరుణమని రైతు భరోసా గడి తెరిచా.

ఇది రాష్ట్ర సర్కారు పెట్టుబడి సాయం. ఎకరాకు ఏడాదికి 12 వేలు, పంటకు ఆరు వేలు. వానాకాలం డబ్బు జూన్‌లోనే పడింది. మా రెండెకరాలకు 12 వేలు నాయిన ఖాతాలో, కౌలు రెండెకరాలకు 12 వేలు బాబాయి ఖాతాలో. ఆ రెండెకరాల్లో విత్తనం పెట్టింది మేం, మందు కొట్టింది మేం.

"బాబాయి, పెట్టుబడి సాయం అంటరు గదా, మరి పెట్టుబడి పెట్టింది నాయిన" అన్నా నవ్వుతూనే.

ఆయనా నవ్వాడు. "అది పట్టాకు ఇచ్చేదిరా. నీ లెక్కలల్ల నన్ను ఇరికియ్యకు" అన్నాడు.

ఇరికించలేదు. కౌలు 30 వేలు ఆయనకు ఇస్తాం, సర్కారు 12 వేలు ఆయనకు ఇస్తుంది. చెమట పట్టకుండా ఆ భూమి మీద 42 వేలు. కోపం కాదు, ఆయన పిల్లల ఫీజులు ఆయనకున్నాయి. షీటులో మాత్రం "సర్కారు ఇచ్చింది" గడిలో కౌలు భూమి ఎదురుగా సున్నా పడింది.

ఇంకో మాట కూడా అడిగా. సీసీఐకి అమ్మాలంటే ఈసారి కపాస్ కిసాన్ యాప్‌లో పేరుండాలి, స్లాటు బుక్ చేసుకోవాలి. కౌలు భూమి పంటను మా పేరున రాయించుకోవచ్చా అన్నా. బాబాయి ఫోన్ చూసుకుంటూ, "ఒకసారి కౌలుదారని రికార్డుల ఎక్కితే రేపు ఏమైతదో" అన్నాడు. అమ్మ నాకు కళ్లతో సైగ చేసింది. పండగ పూట అంతకంటే పొడిగించలేదు.

అక్టోబర్ 5

మొదటి కాయలు పగిలాయి. ఏరుడు ఇంకా మొదలు కాలేదు కానీ గట్టు పొంటి తిరిగి ఒక సంచి ఏరుకొచ్చా. 33 కిలోల దూది అని ఆగస్టులో రాశాను కదా, అది నోటి లెక్క. చేతితో చూడాలనిపించింది.

వంటింటి డిజిటల్ కాంటా మీద సరిగ్గా కిలో తూచి, చాపేసుకుని గింజలు వలవడం మొదలుపెట్టా. ఐదు నిమిషాల పని అనుకున్నా. మూడు రాత్రులు పట్టింది. దూది గింజను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో చేత్తో వలిస్తే గానీ తెలియదు. లాగినప్పుడు సగం పోగులు గింజకే అంటుకుని మీసాల్లా మిగులుతాయి, వాటిని గోటితో గీకాలి. బొటనవేలి గోరు కింద మంట పుట్టింది. అమ్మ చూసి చూసి, "మిల్లుకు పోయి అడిగితే చెప్పరా?" అంది.

చివరికి దూది 331 గ్రాములు, గింజలు 640, మిగతాది ఆకు పొడి, దుమ్ము. నోటి లెక్కే నిజమైంది. దూది అమ్మ తీసుకుంది, కార్తీకమాసం వత్తులకు.

ఈ పనిలో ఇంకో విషయం తట్టింది. కిలో పత్తిలో మూడింట రెండొంతుల బరువు గింజదే. మిల్లువాడు మాకిచ్చే ధరలో గింజ నూనె, పిండి ధర కూడా ఉంటుంది. కాబట్టి వంటనూనెల దిగుమతి సుంకం కూడా మా పత్తి ధరను అంటుకునే ఉంటుంది. దానికి గడి వేయబోయి ఆగా. ఒక్కో దారం లాగుతూ పోతే షీటు నా చేతిలో ఉండదు.

అక్టోబర్ 12

అమెరికా పత్తి రైతుకు వాళ్ల సర్కారు ఏమిస్తుందో చూశా. ఈ ఏడు అక్కడ వచ్చిన చట్టంలో గింజ పత్తికి ఆధార ధర పౌనుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లకు పెంచారు. డాలరు 88 రూపాయలని వేస్తే మన క్వింటాలుకు దాదాపు 8,150. మన మద్దతు ధర 8,110! రెండుసార్లు లెక్క చూసుకున్నా.

అంకె ఒకటే, దారి వేరు. అక్కడ బజారు ధర ఆ గీత కిందికి పోతే తేడా డబ్బు ఖాతాలోకి వస్తుంది. పత్తి ఎవరికి అమ్మాడు, తేమ ఎంత అని అడగరు. ఇక్కడ పత్తిని ట్రాలీకెత్తి, స్లాటు పట్టుకుని, కాంటా దాకా పోయినవాడికే ఆ ధర. పోతే అక్కడా పాత రికార్డులో ఉన్న ఎకరాల మీదే డబ్బు. కాగితం మీద భూమి ఎవరిదన్న పేచీ అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

నాయినకు చెప్తే, "ఆడ ఏరుడు మిషన్ ఏరుతది గదా" అన్నాడు. ఆయన ధ్యాసంతా రేపటి ఏరుడు మీదే ఉంది.

అక్టోబర్ 18

ఏరుడు మొదలై ఐదు రోజులు. మా ఇంటెనక పెద్దమ్మ ముఠాను తెచ్చింది. ఏడెనిమిది మంది, అందరూ ఆడవాళ్లే. కిలోకు పది అని నాయిన, పన్నెండని పెద్దమ్మ. పన్నెండు దగ్గర తెగింది.

ఈ శనివారం రోజంతా చేనులో ఉన్నా. చీర కొంగుతో ఒడి కట్టుకుని సాలుకొకరు దిగుతారు. పగిలిన కాయ మొనలు ఎండి సూదుల్లా ఉంటాయి. నాలుగు వేళ్లు లోపలికి పోనిచ్చి ఒకే లాగులో నాలుగు రెబ్బలూ తీయాలి, ఆకు రాకూడదు. నేను గంటకు కిలోన్నర ఏరా, పక్క సాలులో పెద్దమ్మ నాలుగు దాటించింది. నా చేతి మీద గీతలు చూసి, "ఫోన్ పట్టే చెయ్యి బిడ్డా, ఓర్వది" అంది.

సాయంత్రం జోకుడు. వేపకొమ్మకు స్ప్రింగు కాంటా కట్టి ఒక్కొక్కరి మూట వేలాడదీస్తారు. నాయిన చదువుతాడు, నేను రాస్తా. ముల్లు 33 దగ్గర ఆగింది. నాయిన "ముప్పై రెండు" అన్నాడు. ఇంకో మూట, 28. "ఇరవై ఏడు." నేను తలెత్తి చూశా. "తడి తరుగు, మూటకు కిలో. ఎప్పుడూ ఉన్నదే" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను ముల్లు చూపిందీ, నాయిన చెప్పిందీ, రెండూ రాశా.

కూర్చుంటే ఇంకో లెక్క కూడా రాసుకున్నా. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12 వేలు. భూమి ఉండకూడదు, ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలి. పెద్దమ్మ పేరు మీద పది గుంటలుంది. పది గుంటలంటే పావెకరం. రైతు భరోసా లెక్కలో పంటకు 1,500, ఏడాదికి మూడు వేలు. భూమి ఉన్నందుకు ఆమెకు 12 వేలు పోయి మూడు వేలు మిగిలాయి. "ఆ పది గుంటల్ల బండలే బిడ్డా, మేక కూడ మేయది" అని నవ్వింది.

అక్టోబర్ 31

మొంథా తుపాను. రెండు రోజులు ఆగకుండా కురిసింది. రోడ్డు మీద నీళ్లుంటే నిన్న సాయంత్రం గానీ ఊరు చేరలేకపోయా. పగిలిన పత్తంతా తడిసి, తోకల్లా కిందికి జారి వేలాడుతోంది. కొన్ని కాయల్లో గింజ మొలకెత్తింది. ఇవాళ రాయడానికి ఇంతే.

నవంబర్ 11

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

తేమ 8 శాతం ఉంటే పూర్తి 8,110. ఒక్కో శాతం పెరిగితే 81.10 కోత. 12 దాటితే సీసీఐ కొనదు. ఈ సంగతి తెలుసు కాబట్టే నెల కింద ఆన్‌లైన్‌లో చవకలో దొరికిన తేమ మీటరు తెప్పించా, రెండు సూదులు గుచ్చే రకం. ఆదివారం కుప్ప మీద గుచ్చితే 10 చూపింది. ధైర్యంగా స్లాటు బుక్ చేసి, ట్రాలీ 1,800కు మాట్లాడి, తొమ్మిది క్వింటాళ్లు ఎత్తించా. కొనుగోలు కేంద్రంలో లోపలి నుంచి పిడికెడు తీసి చూస్తే 14. వాళ్లు మూడు చోట్ల చూశారు, మూడు చోట్లా 14 పైనే. మీటరుది తప్పు కాదు, నాది. ఎండ తగిలిన పైపొర మీద గుచ్చి సంబరపడ్డా. కుప్ప కడుపులో వాన అలాగే ఉంది.

తిరిగి తీసుకెళ్లి ఆరబెడదామంటే నాయిన ఒప్పుకోలేదు. శనివారం కైకిలోళ్లకు డబ్బులియ్యాలి. వాన తర్వాత ఏరుడు రేటు 15 అయింది, తడిసిన పత్తి చేతికి రాదు మరి. ముఠా ఈ వారం తప్పితే పక్క ఊరికి పోతుంది. ప్రైవేటు వ్యాపారి 6,400 అన్నాడు, చేతిలో నగదు. తొమ్మిది క్వింటాళ్లకు 57,600. ఇచ్చేశాం.

దారి పొడుగునా నాయిన మాట్లాడలేదు. నాకు టెన్షన్‌తో అన్నం సయించలేదు.

గమనించాల్సిందేంటంటే, సుంకం తీసేశాక పత్తి ధర పడింది, ఏరుడు కూలి మాత్రం 12 నుంచి 15కు పెరిగింది. కూలి రేటు ఢిల్లీ వైపు చూడదు, ఊర్లో ఎన్ని చేతులున్నాయి, వాన ఎప్పుడు పడింది అని చూస్తుంది.

నవంబర్ 23

సీసీఐ తాను కొనే పరిమితిని ఎకరాకు 12 క్వింటాళ్ల నుంచి ఏడుకు తగ్గించిందని జిల్లాల్లో ధర్నాలు జరిగాయి. మాకు ఏడు కూడా రాలేదు కదా, ఎందుకు పట్టించుకోవాలి అనుకున్నా. షీటు దగ్గర కూర్చున్నాక కళ్లు తెరుచుకున్నాయి.

యాప్‌లో ఉన్నది మా పట్టా రెండెకరాలే. ఎకరాకు ఏడు చొప్పున పద్నాలుగు క్వింటాళ్లు. బాబాయి భూమి పత్తికి పేరే లేదు. అంటే ఎన్ని క్వింటాళ్లు పండినా మేం సీసీఐకి అమ్మగలిగేది 14 మాత్రమే. మిగిలింది ఎలాగూ వ్యాపారికే పోవాలి.

తేమ మీటరు చేసిన నష్టమని నోటుబుక్కులో పెద్దగా రాసుకున్న అంకెను కొట్టేశా. ట్రాలీ కిరాయి 1,800 మాత్రం నా ఖాతాలోనే ఉంచా. నాయినకు చెప్తే, "అయితే నీ మిషన్ మంచిదేనా?" అన్నాడు. పది రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి పెద్ద మాట.

డిసెంబర్ 14

మొన్న 14 క్వింటాళ్లు అమ్మాం. ఈసారి పరదాల మీద మూడు రోజులు ఎండబెట్టి, పొద్దుకొకసారి తిరగేసి, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఐదు చోట్ల పిడికిలి బిగించి గుచ్చి చూశా. నా లెక్క 11, వాళ్ల లెక్క 11. క్వింటాలుకు 7,866.70. మొత్తం 1,10,133.80.

జనవరి 4, 2026

మినహాయింపు గడువు డిసెంబర్ 31తో అయిపోయింది, సుంకం మళ్లీ 11 శాతం. మా పత్తి అమ్ముడైపోయింది. ఇవాళ చేనులో కట్టె పీకుతున్నారు.

నాలుగెకరాల లెక్క తేలింది. పత్తి మీద వచ్చింది 1,67,733.80. విత్తనం ఎనిమిది ప్యాకెట్లు, 901 చొప్పున 7,208. ఎరువులు 7,532. మందులు, దున్నకం, రవాణా కలిపి 35,400. కౌలు 30 వేలు. కలుపు 18 వేలు, ఏరుడు 32,244. మిగిలింది 37,349.80, దాని మీద రైతు భరోసా 12 వేలు. ఇద్దరు మనుషులు ఆరు నెలలు.

ఆగస్టులో నాయిన అడిగిన దానికి ఇప్పుడు జవాబుంది. సుంకం దెబ్బ మా 23 క్వింటాళ్లలో తొమ్మిదింటికే తగిలింది, ఎక్కువలో ఎక్కువ 4,905 రూపాయలు. ఆ తొమ్మిదీ కౌలు భూమి లెక్కలోనివి. పట్టా ఉన్న చేను పత్తికి మద్దతు ధర అడ్డం నిలబడింది, రైతు భరోసా కూడా అటే పోయింది. పట్టా లేనిదానికి రెండూ లేవు. బోర్డు మీద ఇది రాసి, కౌలుకు చేసేవాళ్లు ఎవరెవరు ఎన్ని క్వింటాళ్లు బయట అమ్మారో పక్కన రాయమని సుద్దముక్క వదిలి వచ్చా. సాయంత్రానికి పదకొండు అంకెలు పడ్డాయి, పేర్లు లేకుండా.

జనవరి 10

కైకిలి గడి ఇంకా పూర్తి కాలేదు. జోకుడు పేజీలన్నీ కూడి చూశా. ముల్లు చూపిన బరువు 2,403 కిలోలు. డబ్బులు ఇచ్చిన బరువు 2,312. మూటలు 91, తరుగు 91 కిలోలు. దాదాపు నాలుగు శాతం. సగటు రేటు మీద 1,270 రూపాయలు.

పదకొండు శాతం గురించి నాలుగు నెలలు రాసినవాణ్ణి, వేపకొమ్మ కింద మేం వేసే నాలుగు శాతాన్ని నా చేత్తోనే రాస్తూ వచ్చా.

నాయిన ముందు పెట్టా. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "అమ్మింది ఎంత? ఇరవై మూడు క్వింటాళ్లు. ఎండితే తగ్గిందా లేదా? నా తరుగు నేను ఊరికే తీసిన్నా?" అన్నాడు. లెక్క ప్రకారం ఆయన మాటలో పస ఉంది. ఎండితే నిజంగానే తగ్గింది. "తడితోనే మోసిండ్రు గదా నాయినా, మోసినంత జోకాలె" అన్నా. ఆయన బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు.

ఇవాళ కట్టె మీద మిగిలిన ఆఖరి గుడ్డిపత్తి (సరిగ్గా విచ్చని నాసి పత్తి) ఏరుడు, నలుగురే వచ్చారు. 350 పెట్టి కొన్న డిజిటల్ వేలాడే కాంటా పొద్దున్నే పెద్దమ్మ చేతికిచ్చి, మూట మీరే ముందు జోకి రండి అని చెప్పా. పొద్దుగూకే వేళ వేపకొమ్మ దగ్గరికొచ్చి, "పదకొండున్నర ఉన్నది" అంది. నాయిన తన స్ప్రింగు కాంటాకు వేలాడదీశాడు. ముల్లు పదకొండు, పన్నెండు మధ్య ఊగింది. నేను పెన్ను పట్టుకుని చూస్తున్నా.

"రాయి, పదకొండున్నర" అన్నాడు.